పెళ్లి క్యాసెట్లలో ద్రాక్షతోట

ముందే చెబుతున్నాను, పైన పెద్ద అక్షరాలతో 'ప్రొడ్యూసర్' అని పెట్టకు. ఆ మాట వింటే చాలు, అందరూ హీరో ఎవరని అడుగుతారు. దిల్‌సుఖ్‌నగర్‌లో మనం కూరగాయలు కొనే బండావిడ ఎన్నేళ్లుగా అడుగుతోందో లెక్కలేదు. సరూర్‌నగర్ చెరువు మీద సినిమా తీస్తున్న రోజుల్లో ఒకసారి విసుగొచ్చి, "చెరువే హీరో" అన్నాను.

కొత్తిమీర ఇవ్వబోతున్న చెయ్యి అలాగే ఆపి, "మరి హీరోయినో?" అంది.

"తూము."

నా మొహం వంక ఒక క్షణం చూసి ఇంకో కట్ట ఎక్కువేసింది. జాలిపడిందనుకుంటాను.

నవ్వింది చాలు, నేను చెబుతుంటే టైపు చెయ్యి. నేను తీసినవి చరిత్ర మీద డాక్యుమెంటరీలు. అన్నీ మన తూర్పు వైపువే. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ చౌరస్తా దాకా, రోడ్డుకి ఆ పక్కా ఈ పక్కా. నా వెనకాల ఏ చానలూ లేదు, ఏ కంపెనీ లేదు. అందుకని నా ప్రొడ్యూసర్ ఉద్యోగం ఏమిటంటే, పర్మిషన్ కాగితం పట్టుకుని ఆఫీసులో బల్ల ముందు నిలబడటం, ఎండలో కెమెరాకి గొడుగు పట్టడం, షూటింగుకి పులిహోర కలిపి తీసుకెళ్లడం. పులిహోర కుదిరిన రోజున పెద్దవాళ్లు పాత సంగతులు వాళ్లంతట వాళ్లే చెబుతారు. ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు, నేను కనిపెట్టిందే.

అంతకు ముందు చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్లో చరిత్ర చెప్పేదాన్ని. మైకు పట్టుకుని శాతవాహనుల దగ్గర మొదలుపెడితే నాలుగు వారాల్లో నిజాముల దాకా వచ్చేసేదాన్ని. ఒకరోజు హాస్టల్ పిల్ల ఒకతి, దేవరకొండ వైపు అమ్మాయి, లేచి నిలబడి, "మేడం, గీ బిల్డింగ్ కట్టకముందు ఈడ ఏముండె?" అంది. క్లాసంతా గొల్లున నవ్వింది, పరీక్షలో రాని ప్రశ్న కదా. నాకు మాత్రం నవ్వు రాలేదు. కృష్ణా జిల్లా నుంచి పెళ్లై వచ్చి ఎన్నో ఏళ్లుగా అదే రోడ్డు మీద నడుస్తున్నాను, కాళ్ల కింద ఏముండేదో నాకే తెలీదు. తెలుసుకుని చెబుతానన్నాను. ఆ తెలుసుకోవడం ఇంతవరకూ పూర్తి కాలేదు, మధ్యలో తొమ్మిది సినిమాలయ్యాయి.

కెమెరా పట్టే మనిషి కావాలిగా. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందులో మేడ మీద ఒకాయనకి స్టూడియో ఉండేది, పెళ్లి వీడియోలు తీసేవాడు. మొదటిరోజు చెరువు కట్ట మీదికి తీసుకెళ్లాను. కెమెరా భుజాన పెట్టుకుని అరగంట ఊరికే నిలబడ్డాడు.

"ఏం బాబూ, తియ్యవేం?"

"పెళ్లికూతురు రావాలె గద మేడం."

"పెళ్లికూతురూ లేదు, పెళ్లికొడుకూ లేడు. కట్టని తియ్యి."

"ఉట్టి కట్టనా?"

"ఉట్టి కట్టనే."

తీశాడు. చాలా బాగా తీశాడు. అప్పటినుంచి ఈ రోజు దాకా నా సినిమాలన్నిటికీ కెమెరా అతనే, ఎడిటింగూ అతనే. ఎవరైనా ఏదైనా తింటుంటే నోటి దాకా జూమ్ చేసే పెళ్లి అలవాటు మాత్రం పోలేదు.

ఇక ద్రాక్షతోటల సినిమా. అన్నిట్లోకీ నేను ఎక్కువ నవ్విందీ, ఎక్కువ భయపడిందీ దానికే. మెట్రో రైలు కొత్తగా ఎల్‌బీ నగర్ దాకా నడుస్తున్న రోజులు. చౌరస్తాకి కాస్త లోపలగా ఒక కాలనీ ఉంది, పేరొద్దులే. గేటు పక్క గోడకి నీలం రంగు వేసి తెల్లటి అక్షరాలతో 'మన కాలనీ చరిత్ర' అని రాయించుకున్నారు. మొదటి వాక్యం: 'ఒకప్పుడు ఇది మనిషి జాడ లేని బీడు.' గోడకి ఎదురుగా పంక్చర్ షాపు. ఆ షాపాయన తల్లి రోజంతా బయట కుర్చీ వేసుకుని కూర్చునేది. కాలనీ అంతా ఆవిడని అవ్వా అనే పిలుస్తారు, నేనూ అలాగే పిలిచాను. నేనెవరో తెలీకుండానే ఆవిడ నన్ను ఆపింది.

"ఓ బిడ్డా, సద్వుకున్నదానివేనా?"

"చదువుకున్నానవ్వా."

"గా గోడ మీద ఏం రాసిన్రో జర సదువు."

చదివాను. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను.

"మా మనుమరాలు గిట్లనే సదివింది. తప్పు సదివిందేమో అనుకున్న." మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని గోడవైపు చూసింది. "మనిషి జాడ లేదంట! మరి నేనేంది? మా యవ్వ ఏంది? నల్గొండ దిక్కుకెళ్లి వచ్చి, గంతమంది ఆడోళ్లం పొద్దుగాల చేతులు మీదికి లేపితే మాపటికి దించినం. ఈడ ద్రాక్షతోట బిడ్డా. అనాబ్‌షాహీ రకం. ఒక్కొక్క గుత్తి గింతుండె. మరి మనిషి జాడ లేకుంటే గవి నక్కలు వెంచినయా?"

ఆవిడ ఆ సంగతి కాలనీ సంఘం ప్రెసిడెంటుతో ఎప్పుడో చెప్పిందట. ఆయన నవ్వి, వేరే చోటుని చూసి ఇదనుకుంటున్నావు అన్నాడట. అప్పటినుంచి పిల్లలు 'ద్రాక్షవ్వ' అని ఏడిపిస్తున్నారు. కన్నకొడుకే "ఊకోవే, ఇజ్జత్ తీస్తున్నవ్" అంటున్నాడు.

"నాకేం వద్దు బిడ్డా," అంది. "గా ఒక్క ముక్క తుడిపియ్యి. మేముంటిమని తెల్వాలె."

"తుడిపిస్తానవ్వా" అనేశాను. నాతో ఉన్న చిక్కు అదే, మాట ముందు బయటికొస్తుంది, బుద్ధి ఆటోలో వెనకాల వస్తుంది.

ప్రెసిడెంటుగారు రిటైరైన ఇంజనీరు, మా గుడివాడ వైపు మనిషి. కాఫీ ఇప్పించి మర్యాదగా మాట్లాడాడు. "ఆధారం తీసుకురండమ్మా, ఆ రోజే మార్పిస్తాను. ఒక్క ఫోటో చాలు. ఎవరో చెప్పారని రాసేస్తే రేపు ఇంకొకాయన వచ్చి ఇక్కడ కోట ఉండేదంటాడు, అదీ రాయాలా?" నాకు ఒళ్లు మండింది గానీ, క్లాసులో ఇన్నాళ్లూ నేను చెప్పిందీ అదేగా. ఆధారం.

మొదలుపెట్టాం. అటు కొత్తపేట నుంచి ఇటు చింతలకుంట దాకా పెద్దవాళ్లెవరిని అడిగినా ద్రాక్షతోటలు ఉండేవనే చెప్పారు. ఫోటో మాత్రం ఒక్కరి దగ్గరా లేదు. తోటలవాళ్లు ప్లాట్లు చేసి అమ్మేసి ఎటో వెళ్లారు. కూలికొచ్చిన వాళ్ల దగ్గర కెమెరా ఎక్కడిది? అప్పుడు నాకు తట్టింది. ఆ రోజుల్లో మామూలు మనిషి కెమెరా ముందుకి వచ్చేది పెళ్లికే. వీడియో పెళ్లిళ్లు వచ్చేనాటికి ఇక్కడ చివరి తోటలు ఇంకా ఉండే ఉంటాయి. పెళ్లివాళ్ల వెనకాల ఎక్కడో ఒక మూల తోట పడకపోతుందా అని ఇంటింటికీ తిరిగి పెళ్లి క్యాసెట్లు అడగడం మొదలుపెట్టాను.

ఆ రెండు నెలలూ నేను నవ్వినంత నవ్వు ఇంకెప్పుడూ నవ్వలేదు. అటకల మీంచి బూజు పట్టిన క్యాసెట్లు దిగేవి. మా కెమెరా ఆయన వాటిని శుభ్రం చేసి కంప్యూటర్లోకి ఎక్కించేవాడు. గులాబీ పువ్వు విచ్చుకుని అందులోంచి పెళ్లికొడుకు రావడం, గాజు గ్లాసులో పెళ్లికూతురు కూర్చుని సిగ్గుపడటం, చందమామ మీద ఇద్దరూ ఊగడం. ఒకావిడ భర్తని చూపించి, "చూసిన్రా, గప్పుడు ఈనకి జుట్టు ఉండె, సాక్ష్యం కోసమే దాచిన క్యాసెట్" అంది. అన్నీ చూశాను. తోట లేదు.

తర్వాత ఒక క్యాసెట్లో వచ్చింది. పందిట్లో తలంబ్రాలయ్యాక, హృదయం ఆకారంలో కత్తిరించిన ఫ్రేములో పెళ్లికూతురు, దాని వెనకాల పచ్చటి ద్రాక్షతోట. గుత్తులు, కోస్తున్న ఆడవాళ్లు. వారం తిరక్కుండా రెండో ఇంటి క్యాసెట్లో అదే తోట. ఆ తర్వాత మూడో ఇంట్లో. ముగ్గురూ ఆ కాలనీ వాళ్లే! మూడు పెళ్లిళ్లు, మూడు సాక్ష్యాలు. స్టూడియోలో కుర్చీలోంచి లేచి గెంతాను, ఈ మోకాళ్లతోనే. మా కెమెరా ఆయన "మంచిగుంది మేడం" అని చాయ్‌కి వెళ్లిపోయాడు. సంతోషంలో నేను అతని మొహం చూడలేదు.

సినిమా కూర్చాం. ఆదివారం సాయంత్రం కాలనీ హాల్లో మా సినిమా ఆట అని ప్రెసిడెంటుగారే వాట్సాప్‌లో పెట్టాడు. నాకొక నియమం ఉంది. ఎవరి కథ తీస్తే వాళ్లకే ముందు చూపించాలి, ఇంకెవరు చూసినా ఆ తర్వాతే. గురువారం పొద్దున ల్యాప్‌టాప్ పట్టుకుని పంక్చర్ షాపుకి వెళ్లాం. రెండు టైర్లు పేర్చి దాని మీద పెట్టాం. అవ్వ కళ్లజోడు తుడుచుకుంది. గ్లాసులో పెళ్లికూతుర్ని చూసి పగలబడి నవ్వింది. తోట రాగానే నవ్వు ఆపింది.

"గిదేడిది?"

"మీ తోటే అవ్వా!"

"మా తోటనా?" ముందుకి వంగింది. "గీ కట్టెలేంది? మా తోటల కట్టెలు లెవ్వు, అన్ని నిలువెత్తు రాతి కడీలు. పందిరి మా తలల మీదికెళ్లి ఉండె. గీ ఆడోళ్లు చూడు, నడుములు వంచి కోస్తున్నరు. మేం మెడలు పడిపోయేటట్టు మీదికి జూస్కుంట కోసినం. గిది మాది కాదు బిడ్డా."

"మూడు పెళ్లిళ్లలో ఉందవ్వా, మూడు ఇళ్ల క్యాసెట్లలో!"

"మూడూ చూపియ్యి."

వరసగా వేశాను. అవ్వ తెర మీద వేలు పెట్టింది. "మూడు పెండ్లిళ్లల్ల గా తెల్ల కుక్క గట్లనే ఉరుకుతదేంది?"

ఇన్నేళ్లు చరిత్ర చెప్పినదాన్ని. ఆ కుక్కని నేను చూడనేలేదు. మూడింటిలోనూ అదే కుక్క ఎడమవైపు నుంచి వచ్చి, అదే గట్టు దూకి, అదే చోట ఆగి ఒళ్లు దులుపుకుంది. నేను మెల్లగా మా కెమెరా ఆయన వైపు తిరిగాను. అతను కంప్రెసర్ వైపు చూస్తున్నాడు.

"చెప్పు."

"నేనే ఏసిన మేడం," అన్నాడు. "పెండ్లి తియ్యనీకి ఒకసారి మహారాష్ట్ర దిక్కు పోయిన. ఆడ తోట మంచిగుంటే రెండు నిమిషాలు తీసుకున్న. గప్పట్ల అందరికి మిక్సింగ్ల పెండ్లికూతురు ఎన్కల తోట కావాలె. ఎవరడిగినా గదే ఏస్తుంటి. శానమందికి ఏసిన."

"మరి నాకు చెప్పవేం?"

"మూడో క్యాసెట్ చూసి మీరు ఎగిరిన్రు మేడం. గట్ల ఎగిరినోళ్లకి ఎట్ల జెప్పాలె? తర్వాత జెప్దామనుకున్న. గా తర్వాత రానేలేదు."

ఆదివారం ఆటకి మధ్యలో రెండే రోజులు. అతను గొంతు తగ్గించి, "గట్లనే ఉంచుదాం మేడం. ఆదివారం ఎవ్వలు గుర్తువట్టరు. తోటైతే తోటనే గద" అన్నాడు. నీ దగ్గర దాచడమెందుకు, ఒక్క నిమిషం నేనూ ఊగాను. ప్రెసిడెంటు ఒప్పుకుంటాడు, గోడ మీది ముక్క పోతుంది, అవ్వ సంతోషిస్తుంది. ఎవరికి నష్టం?

అవ్వే తల అడ్డంగా ఊపింది. "వద్దు బిడ్డా. అబద్ధం రాసిన్రనే గద నా కొట్లాట. ఇంకోళ్ల తోట చూపిచ్చి మాదని ఎట్ల జెప్త? గా ఆడోళ్లు ఎవలో, ఏమో. వాళ్లది వాళ్లకుండనియ్యి."

ఇంక చెయ్యగలిగింది లేదని ల్యాప్‌టాప్ మూసేశాను. మూస్తూ, ఊరికే నోటికొచ్చినట్టు, "ఆ రాతి కడీలు ఏమైపోయాయో పాపం" అన్నాను.

"ఏమైతయ్? గంత బరువువి ఎవలు ఎత్కపోతరు? ఈడనే ఉన్నయ్ గద."

"ఎక్కడ?"

"అన్ని దిక్కుల."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం అవ్వా?"

"నువ్వడిగినవా? ఫోటో ఫోటో అనుకుంట తిరిగితివి."

కొడుకు భుజం పట్టుకుని లేచింది. మొదటిది ఆ షాపులోనే ఉంది, కంప్రెసర్‌కి గొలుసు కట్టిన రాయి. మనిషికంటే ఎత్తు, నాలుగు పలకల నల్లరాయి, పైకొసన వేలు పట్టేంత కన్నం. తోట మీద తీగల పందిరి నిలబడటానికి ఆ కన్నాల్లోంచి ఇనుప తీగ లాగేవారట. అవ్వ చెయ్యి ఎత్తి, అటు చూడకుండానే వేలు సరిగ్గా కన్నంలో పెట్టింది. లోపల తీగ ఒరుసుకున్న గాడి ఇంకా ఉంది. కొడుకు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "గీ రాయి నేను రోజు చూస్త గదనే" అన్నాడు. "చూస్తవ్ బిడ్డా, అడిగినవా?" అంది అవ్వ. ఆ పూట అందరికీ అవే అక్షింతలు.

ఇక చూడు. కిరాణా కొట్టు ముందు అడ్డంగా పరిచిన మెట్టు, అదొకటి. పార్కులో బెంచీ కింద రెండు. నీళ్ల ట్యాంకుని మోస్తున్నవి నాలుగు. ఆవిడ చూపించడం, మా కెమెరా ఆయన తీయడం. తప్పు చేసిన మనిషి కదా, ట్రైపాడ్ నన్ను ముట్టుకోనివ్వలేదు, గొడుగు కూడా అతనే పట్టుకున్నాడు. చివరి సందు చివర ఎవరూ ఇల్లు కట్టని ప్లాటు ఒకటుంది, నిండా సర్కారు తుమ్మ. అవ్వ కొడుకు కత్తి తెచ్చి ముళ్లకంప కొట్టాడు. లోపల అయిదు కడీలు, ఒకే వరసలో, ఒకదానికొకటి సమానమైన దూరంలో, నాటిన చోటే నిలబడి ఉన్నాయి. ఒకదాని కన్నంలో తుప్పు పట్టిన తీగ ముక్క కూడా ఉంది. అవ్వ "మా యవ్వ కోసిన వరస గిది" అని, ఆ రాయి మీద దుమ్ము కొంగుతో తుడిచింది.

శనివారం దాకా షూటింగ్. మహారాష్ట్ర తోటని తీసెయ్యలేదు. దాని ముందు మా కెమెరా ఆయన్నే కూర్చోబెట్టి, జరిగింది కెమెరాకి చెప్పమన్నాను. పెళ్లికి తయారైనట్టు తల దువ్వుకుని వచ్చాడు.

ఆదివారం హాలు నిండిపోయింది. అతను తెర మీద "నేనే ఏసిన, శానమందికి ఏసిన" అనగానే, తెల్ల కుక్క వరసగా మూడు పెళ్లిళ్లలోంచి పరుగెత్తింది. వెనక వరసలోంచి ఎవరో, "అరె, మా పెండ్లిల గూడ ఉన్నది గీ కుక్క!" అని అరిచారు. "మా చెల్లె పెండ్లిల గూడ!" హాలంతా పొట్టలు పట్టుకున్నారు. నవ్వులు సద్దుమణగక ముందే రాతి కడీలు మొదలయ్యాయి. నవ్వే గొంతులే మెల్లగా మారాయి. "గది మా మెట్టు కదా?" "గది ట్యాంకు కాడిది!" ఒకరి తర్వాత ఒకరు తమ ఇంటి రాయిని గుర్తుపట్టడం. అంతలో తెర మీద ఒక పెరడు వచ్చింది, ఒక కడీ, దానికి కట్టిన తాడు మీద పంచెలు ఆరుతున్నాయి. ముందు వరసలో ప్రెసిడెంటుగారి భార్య గట్టిగా, "చూశారా! ఆ కన్నం ఎందుకుందండీ అని ఇల్లు కొన్న రోజు నుంచీ అడుగుతున్నాను. పనికిమాలిన ప్రశ్న అన్నారు!" అంది.

ప్రెసిడెంటుగారు చివర్లో తుమ్మ పొదలోని వరస దాకా చూశాడు. దీపాలు వెలిగాక లేచి తిన్నగా అవ్వ దగ్గరికి వెళ్లాడు. "తప్పు రాయించానవ్వా" అన్నాడు. "నేను ఇంజనీరుని. నా పంచెలు ఆరేసుకునే రాయి మీద కన్నం ఎందుకుందో నేను చూడలేదు."

అవ్వ నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే పెయింటర్ వచ్చాడు. గోడ ముందు అవ్వకి కుర్చీ వేశారు, పిల్లలంతా చుట్టూ మూగారు. పాత వాక్యం మీద నీలం రంగు పూసి అది ఆరాక, ప్రెసిడెంటుగారు తను రాసుకొచ్చిన కాగితం చదివాడు. "ఒకప్పుడు ఇచట ద్రాక్షవనము విలసిల్లెను..."

"అంటే ఏంది సారు?"

"తోట ఉండేదని అవ్వా."

"మరి తోట ఉండెనని రాయరాదు?"

కాగితం జేబులో పెట్టుకున్నాడు. అవ్వ చెప్పింది, పెయింటర్ రాశాడు: ఇక్కడ అనాబ్‌షాహీ ద్రాక్షతోట ఉండె. ఎంతమంది పనిచేశారని అడిగితే అవ్వ వేళ్ల మీద లెక్కపెట్టింది, ఫలానా ఊరి అత్తాకోడళ్లు, మెల్లకన్నామె, పాటలు పాడే అక్కచెల్లెళ్లు, అలా ముప్పై అని తేల్చింది. 'ముప్పై మంది ఆడవాళ్లు పనిచేసిన్రు' అని రాసి అతను బ్రష్షులు కడుక్కున్నాడు. సామాను సర్దుకుని సైకిల్ ఎక్కబోతుంటే అవ్వ కేక వేసింది.

"ఓ కొడుకా, ఆగు! ముప్పై ఒకటి! మాకు నీళ్లు మోసినామెను మర్సిపోయిన!"

"అవ్వా, రంగు ఆరింది. అక్షరాల నడుమ జాగ లేదు."

"జాగ లేకపోతే జేసుకుంటది. గామె సన్నగుండె, పడ్తది. రాయి."

రాశాడు. ఇప్పటికీ వెళ్లి చూడు, 'ముప్పై'కీ 'మంది'కీ మధ్య ఒక చిన్న 'ఒకటి' పక్కకి ఒత్తిగిలి నిలబడి ఉంటుంది.